ముప్పయ్యో తేదీ లేని నెల

తంగెడదొడ్డి,
1-12-2022

అమ్మా మధులతా,

భీమక్క కుర్చీలో కూర్చుంది. నిన్న పొద్దున పదకొండున్నరకు, పంచాయతీ ఆఫీసులో, తహశీల్దారు ఎదురుగా, ఊరంతా చూస్తుండగా కూర్చుంది. ఈ మాట ముందు రాసి నీ క్షేమం తర్వాత అడుగుతున్నందుకు కోప్పడవద్దు. చెయ్యి ఆగలేదు.

నీవు, అల్లుడు మురళి, పాప ఎట్లున్నారు? ఇక్కడ నేను చెవులు తప్ప అంతా బాగున్నాను. బేతంచెర్ల బండల గనిలో పోయిన చెవులు డెబ్బై రెండో ఏట తిరిగి రావు కదా. ఎదురుగా నిలబడి గట్టిగా అంటేనే అందుతుంది, అందుకే ఫోను చేయవద్దంటాను. ఫోనులో నీ గొంతు కందిరీగ తిరిగినట్లు ఉంటుంది. ఉత్తరమైతే నీవు పక్కన కూర్చుని తిట్టినట్లే ఉంటుంది.

భీమక్క సంగతి నీకు తెలిసిందే, అయినా మళ్లీ చెబుతాను, చెప్పడంలో నాకు సుఖముంది. మన పేట మనిషి. ఎల్లమ్మ గుడికి పోతుంది, మన చర్చికి రాదు, క్రిస్మస్ నాడు మాత్రం అందరికంటే ముందు వచ్చి పాయసం గిన్నె పట్టుకుంటుంది. సర్పంచి సీటు ఎస్సీ ఆడవాళ్లకు వచ్చినప్పుడు ఉరుకుందప్ప తన పత్తిచేలో కూలికొచ్చే ఈమెను నిలబెట్టి గెలిపించాడు. ఏడాదిన్నర నుంచి కుర్చీలో ఆయన, గడప బయట ఈమె. సంతకం కావాలంటే పుస్తకమే గడప దగ్గరికి పోతుంది. ఆయన ఆదోనికి పోయిన రోజు కూడా కుర్చీ ఖాళీగా ఉండదు, ఆయన తువ్వాలు కూర్చుంటుంది.

నెలనెలా ముప్పయ్యో తేదీన పౌర హక్కుల దినమని ఆఫీసర్లు వస్తారు కదా. మన పేటలో టెంటు కింద కూర్చుని, అంటరానితనం నేరమని చదివి, ఫోటో దిగి, వచ్చిన దారినే పోతారు. ఈసారి నేను టెంటు వేయనివ్వలేదు. "మాకు మేము అంటరానోళ్లం కాము సార్. ఈ మాట చెప్పాల్సింది పంచాయతీ ఆఫీసులో. ఆడికి పోదాం రండి" అన్నాను. నా గొంతు నాకు వినపడదు కాబట్టి గట్టిగానే వచ్చి ఉంటుంది. తహశీల్దారు లేచాడు.

ఆఫీసులో సర్పంచి ఎవరని తహశీల్దారు అడిగాడు. ఉరుకుందప్ప నిలబడి, "నేనే చూసుకుంటాండా సార్" అన్నాడు.

"చూసుకునేటోడు కాదప్పా. సర్పంచి యాడ అని అడుగుతాండాడు" అన్నాను.

"నువ్వు పోయి ప్రార్థన చేసుకోపో పాస్టరప్పా."

"చేసే వచ్చినా."

అప్పుడు భీమక్క గడప దాటింది. కుర్చీ మీది తువ్వాలు తీసింది, నాలుగు మడతలు పెట్టింది, "నీ తువ్వాలప్పా" అని ఆయన చేతికిచ్చింది, కూర్చుంది. ఆ కుర్చీ ఆయన ఎత్తుకు చేయించింది కాబట్టి ఈమె కాళ్లు నేలకు అందలేదు. ఎవరూ నవ్వలేదు.

నలభై ఏళ్ల నుంచి ఈ బాప్టిస్టు సంఘానికి పాస్టరుగా ఉన్నాను. బాప్తిస్మాలిచ్చాను, పెళ్లిళ్లు చేశాను, మట్టి వేశాను. ఇంత మంచి ఆరాధన నేను చూడలేదు. ఆ సీటు నాకు ఎట్లాగూ రాదు, నా కాగితంలో క్రైస్తవుడని ఉంది, పైగా మగవాణ్ని. కాబట్టి పాస్టరుకు కుర్చీ మీద ఆశ అని అనడానికి ఉరుకుందప్పకు వీలు కూడా లేదు.

క్రిస్మస్‌కు రా తల్లీ.

గట్టిగా మాట్లాడే మీ నాయన,
జయరాజ్

రాజంపేట,
10-12-2022

నాయనా,

భీమక్క కూర్చున్నందుకు సంతోషం. నీవు ఎదురు నిలబడినందుకు కాదు.

అక్కడ నీ పక్కింటి శివకుమారి ఫోను చేసింది. నీవు ఉరుకుందప్ప మెడలో తువ్వాలు పట్టుకుని లాగావట, ఆయన కింద పడబోయాడట. నీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఏది నమ్మాలి? మన పేటలో సగం మంది ఆయన చేలకే పోతారు. రేపు పని లేదు పొమ్మంటే నీవు పెడతావా వాళ్లకు?

బీపీ చూపించుకున్నావా? అంకెలు రాయి. దేవుడు చూసుకుంటాడని రాయవద్దు. నేను నర్సును, ఆ అంకె నా దగ్గర చెల్లదు.

క్రిస్మస్‌కు రాను. ఎందుకు రానో నీకు తెలుసు, అయినా అడుగుతావు. మూడేళ్ల కింద అమ్మ శవపెట్టెను పెద్దవీధిలో తీసుకుపోకూడదని ఉరుకుందప్ప వాళ్లంటే, నీవు "అట్లే పోదాం లే" అన్నావు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. వాగు వెంట ఆ వంక దారిలో మోకాటి లోతు బురద. పెట్టె ఒరిగిపోతే నేను చేత్తో పట్టుకున్నాను, ఎనిమిదో నెల కడుపుతో. ఆ రోజే చెప్పాను, ఈ ఊరికి మళ్లీ వస్తే పెద్దవీధిలోనే, కాళ్లకు చెప్పులతోనే వస్తానని. భీమక్క కుర్చీ కోసం లేచిన గొంతు ఆ రోజు అమ్మ కోసం ఎందుకు లేవలేదు?

కింది గది సున్నం కొట్టించాం. కొత్త మంచం కూడా తెచ్చాడు మురళి. వచ్చెయ్ నాయనా. ఇక్కడ అరటితోటలున్నాయి, చల్లగా ఉంటుంది, ఎవరి వీధితోనూ పని లేదు.

తిట్టినా నీ కూతురే,
మధులత

తంగెడదొడ్డి,
28-12-2022

అమ్మా,

నూట నలభై ఎనిమిది బై తొంభై. దేవుడు కూడా చూసుకుంటున్నాడు.

ఆ తువ్వాలు నేను ముట్టలేదు. ముట్టాలని ఉండింది, ముట్టలేదు. శివకుమారి ఇంకో నాలుగు రోజులు పోతే నేను ఆయన మీద ఎక్కి కూర్చున్నానని కూడా చెబుతుంది.

క్రిస్మస్ బాగా జరిగింది. నక్షత్రం కొంచెం వంకరగా కట్టారు. పాపకు గౌను పంపుతున్నాను, కొలత తెలియక రెండేళ్లు పెద్దది కొన్నాను. నేను దాన్ని చూసింది ఒకసారే కదా, నీ ఇంట్లో, అప్పుడు దానికి నడక కూడా రాదు.

ఇప్పుడు అసలు సంగతి. మన సంఘపెద్ద యేసుప్రసాద్ కర్నూలులోని పెద్దలకు అర్జీ రాశాడు. పాస్టరు రాజకీయం చేస్తున్నాడు, ముసలివాడయ్యాడు, విశ్రాంతి ఇవ్వండి, కూతురు కూడా అదే కోరుతోంది అని. "మీ మధులతే చెప్పింది కదా" అన్నాడు నా మొహం మీదే. అర్జీ నేను చదివాను. కింద వాడి సంతకం, లోపల నీ పేరు.

అమ్మా, నా పని నీకు సిగ్గుగా ఉంటే నాకే రాయవచ్చు కదా. నేను అయిదో తరగతి చదివినవాణ్ని, అయినా కూతురి ఉత్తరం చదవగలను.

కర్నూలు నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు. "ప్రసంగం చేసుకోవచ్చు కదా జయరాజ్‌గారూ, ఈ పంచాయతీ గొడవ మీకెందుకు?" అన్నారు. మోషే ఫరో రాజు ఇంటికి పోయింది జనాన్ని విడిపించడానికి, పాటలు పాడడానికి కాదని చెప్పాను. వాళ్లు నీళ్లు తాగి, కోడికూర తిని, రిపోర్టు రాస్తామని పోయారు. రాసుకోనీ. చర్చి తాళం నా మొలతాడుకే ఉంది.

ఆ మంచం మీద మురళిని పడుకోమను. నేను రాను.

మీ నాయన

రాజంపేట,
8-1-2023

నాయనా,

యేసుప్రసాద్ అన్నకు నేను చెప్పింది ఒకే మాట. "నాయన మాత్రలు వేసుకుంటున్నాడో లేదో కాస్త చూడన్నా" అన్నాను. ఒక మాత్రలోంచి అర్జీ తీశాడు ఆయన. కావాలంటే ఆయన్ను చర్చిలో నిలబెట్టి అడుగు.

సిగ్గా? నీ మొదటి ఉత్తరం మా వార్డులో అందరికీ చదివి వినిపించాను. తువ్వాలు నాలుగు మడతలు పెట్టిన చోట ఆయాలందరూ చప్పట్లు కొట్టారు. ఒకామె రాయచోటి నుంచి వస్తుంది, వాళ్ల ఊర్లో కూడా సర్పంచి గడప బయటేనట. ఆ ఉత్తరం అడిగి ఇంటికి తీసుకుపోయింది, ఇంకా తిరిగి ఇవ్వలేదు.

గౌను పాపకు పాదాల దాకా వచ్చింది. విప్పనంటోంది.

కానీ నీవు యేసుప్రసాద్ అన్నదానికి రెండు పేజీలు రాశావు. నేను అడిగినదానికి ఒక్క వాక్యం రాయలేదు. మంచం మీద ఎవరూ పడుకోవడం లేదు.

మధు

తంగెడదొడ్డి,
2-2-2023

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి చర్చి గంట కొట్టబోయాను, పొద్దుగాని పొద్దులో కొడితే జనం పరుగెత్తుకొస్తారని ఆగాను. యేసుప్రసాద్‌ను నిలబెట్టలేదు. ఆ ఆదివారం ప్రార్థన వాడి చేతనే చేయించాను. అదే ఎక్కువ శిక్ష, చెమటలు పట్టాయి వాడికి.

జనవరి ఇరవై ఆరున గ్రామసభ జరిగింది. భీమక్క కుర్చీ కాళ్లు రెండంగుళాలు కోయించి వచ్చి కూర్చుంది. పెద్దవీధి మీద తీర్మానం రాయమంది. "సిమెంటు రోడ్డు పంచాయతీ డబ్బుతో ఏసినాం. బతికినోళ్లూ పోవచ్చు, సచ్చినోళ్లూ పోవచ్చు, సెప్పులేసుకోని పోవచ్చు. అట్లనే రాయి." సెక్రెటరీ ఇట్లా రాయకూడదమ్మా, భాష వేరే ఉంటుంది అన్నాడు. "నీ భాషలో ఎవురు నడుస్తారప్పా? నా భాషలో రాయి" అంది. రాశాడు. ఉరుకుందప్ప మనుషులు లేచిపోయారు, మన పేటవాళ్లు చేతులెత్తారు, పెద్దవీధివాళ్లు కూడా తొమ్మిది మంది ఎత్తారు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

జనవరి ముప్పయ్యిన ఆఫీసర్లు వచ్చారు. తీర్మానం చూపించాం, మెచ్చుకున్నారు, తీర్మానంతో ఫోటో దిగారు. "తొందరపడొద్దు, వచ్చే పౌర హక్కుల దినానికి బందోబస్తుతో మేమే మిమ్మల్ని పెద్దవీధిలో నడిపిస్తాం" అన్నారు. నేను సంతోషంతో ఇంటికొచ్చి క్యాలెండరు ముందు నిలబడ్డాను. వచ్చేది ఫిబ్రవరి. దానికి ముప్పయ్యో తేదీ ఏది?

మరుసటి రోజు మండలం ఆఫీసుకు పోయాను. "వచ్చే నెలలో ముప్పై లేదే సార్" అన్నాను. ఆయన వేళ్లు మడిచి చూసుకుని, "అవును కదా. అయితే మార్చి ముప్పై" అన్నాడు.

"అంటే ఫిబ్రవరిలో మాకు హక్కులు లేవా?"

"హక్కులు లేవని కాదు పాస్టర్‌గారూ, ప్రోగ్రాం లేదు."

బస్సులో వస్తూ కోపం, నవ్వు రెండూ వచ్చాయి. దండోరా తిమ్మన్న మంచం పట్టాడు, ఆయనకు చెబితే నవ్వుతాడని పోయి చెప్పాను. ఎనభై అయిదేళ్లు, మన సంఘంలో ఆయనకంటే పెద్దవాడు లేడు. నలభై ఏళ్లు పెద్దవీధిలో తప్పెట కొట్టి ఊరికి కబుర్లు చెప్పాడు, చెప్పులు చంకలో పెట్టుకుని. ఆయన నవ్వలేదు. "నేను మార్చి దాకా ఆగేట్లు లేను పాస్టరయ్యా. నన్ను వంకలో ఏసుకోని పోవద్దు" అన్నాడు. నేను మాటిచ్చాను.

నీవు అడిగినదానికి జవాబు కాగితం మీద రావడం లేదమ్మా. మూడుసార్లు రాసి చించాను. కాస్త ఓపిక పట్టు.

మొలతాడుకు తాళమున్న మీ నాయన,
జయరాజ్

రాజంపేట,
13-2-2023

నాయనా,

చావబోయే మనిషికి మాటివ్వడం సులభం. నిలబెట్టుకునేటప్పుడు రాళ్లు పడితే ఆసుపత్రికి తెచ్చేది బతికినవాళ్లనే. నేను రోజూ చూస్తున్నాను.

మార్చి ముప్పై దాకా ఆగు. పోలీసులు వస్తామన్నారు కదా, వాళ్లతోనే నడువు. నీకు చేతులెత్తి మొక్కుతాను.

అమ్మ కోసం ఆగగలిగినవాడివి, తిమ్మన్న తాత కోసం ఆగలేవా?

మధులత

తంగెడదొడ్డి,
26-2-2023, ఆదివారం

అమ్మా మధులతా,

తిమ్మన్న పెద్దవీధిలో పోయాడు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, మధ్యలో, నలుగురి భుజాల మీద పోయాడు. ఒక మనిషిని మట్టిలో పెట్టి వచ్చి ఇంత సంతోషంగా ఉత్తరం రాసే పాస్టరును దేవుడు క్షమించాలి.

శుక్రవారం పొద్దున ఆయన ప్రాణం పోయింది. భీమక్క మండలం ఆఫీసుకు ఫోను చేసింది. మార్చి ముప్పైకి బందోబస్తు రాసి పెట్టామన్నారట. "శవం మార్చి దాకా ఆగుతాదా సార్? మీరొచ్చి పక్కన కూకుంటారా?" అని పెట్టేసింది. శనివారం పదిగంటలకు పెట్టె ఎత్తాం. పెట్టెలో తిమ్మన్న కాళ్లకు ఆయన చెప్పులే వేశాం, చంకలో మోసి మోసి అరగని చెప్పులు. "చెప్పులు చేతిలో పట్టుకునేవాళ్లు ఎవరూ నా వెనక రావద్దు" అని చెప్పాను. నలభై మంది దాకా వచ్చారు, అందరూ వేసుకునే వచ్చారు. పెట్టెకు ముందు కుడి కొమ్ము ఎవరు పట్టారనుకున్నావు? యేసుప్రసాద్. నేను వాడి మొహం చూస్తే, "తిమ్మన్న నాకు మేనమామ గదా" అని తల దించుకున్నాడు.

ఉరుకుందప్ప ఎరువుల అంగడి దగ్గర వీధికి అడ్డంగా ట్రాక్టరు పెట్టి ఉంది. అంగడి అరుగు మీద ఆయన, వెనక పదిహేను మంది. చుట్టూ చూస్తే భీమక్క లేదు. మాయమైంది. వెనక నుంచి ఎవరో ఏదో అన్నారు. యేసుప్రసాద్ నా చెవి దగ్గర నోరు పెట్టి, "వంక దారిన పోదామంటాండారు పాస్టరయ్యా" అన్నాడు. వినపడలేదన్నాను. మళ్లీ చెప్పాడు. అప్పుడూ వినపడలేదన్నాను. మూడోసారి వాడే చెప్పడం మానేశాడు. పోయిన చెవులు నాకు పనికొచ్చింది అదొక్కరోజే.

అప్పుడు వచ్చింది భీమక్క. నెత్తి మీద పంచాయతీ కుర్చీ, చంకలో తీర్మానాల పుస్తకం. ట్రాక్టరు ముందు కుర్చీ వేసి కూర్చుంది. ఇప్పుడు కాళ్లు నేలకు బాగా అందుతున్నాయి.

"ట్రాక్టరు తీస్తావా అప్పా, ఈడనే ఆఫీసు పెట్టుకోమంటావా? నాకు సంతకాలు శానా ఉండాయి" అంది.

"నిన్ను గెలిపించింది నేనే గదా భీమక్కా. ఆ విశ్వాసం లేదా?"

"గెలిపిస్తివి. అందుకే కూకున్నా."

ఇవన్నీ నాకు తర్వాత యేసుప్రసాద్ చెప్పాడు. నాకు కనిపించింది వాళ్ల మొహాలే. మేం పెట్టె దించలేదు. దించితే మళ్లీ ఎత్తనివ్వరని భయం. నలుగురు అలిసిపోతే ఇంకో నలుగురు భుజం మార్చారు. ఎండ నడినెత్తికొచ్చింది. పింఛను కాగితాలున్న ఇద్దరు ముసలమ్మలు పెద్దవీధి ఇళ్లల్లోంచి నిజంగానే వచ్చి భీమక్క దగ్గర సంతకాలు పెట్టించుకున్నారు. మేం నిలబడి రెండు గంటలు దాటింది. ట్రాక్టరు వెనక ఉరుకుందప్ప పత్తి లారీయే ఆగిపోయి ఉంది. డ్రైవరు దిగి వచ్చి, "మార్కెట్టు మూసేస్తారప్పా, ఆదోనికి ఎప్పుడు పోయేది నేను?" అని అందరి ముందూ అరిచాడు. ఉరుకుందప్ప లేచి లోపలికి పోయాడు. ఆయన పోయాక ఎవరో ట్రాక్టరు తీశారు. క్షమించమని ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు. మేం దాటాకే లారీ కదిలింది. అంటే తిమ్మన్న వెనకాల ఉరుకుందప్ప పత్తి కూడా ఊరేగింపుగా వచ్చింది.

నీవు అడిగింది కూడా నిజమైంది. ఈ పొద్దున ఉరుకుందప్ప అయిదుగురు ఆడవాళ్లను చేనికి రావద్దన్నాడు. భీమక్క వాళ్లకు ఉపాధి పని రాసింది, రేపటి నుంచి చెరువులో మట్టి పని. కూలి తక్కువ. ఆ అయిదుగురూ ఈరోజు చర్చిలో ముందు వరుసలో కూర్చున్నారు.

ఇప్పుడు జవాబు. చించిన మూడు కాగితాల మీద రాసింది ఇదే. మీ అమ్మ పోయిన రోజు అదే అంగడి అరుగు మీద రాళ్లు కుప్ప పోసి ఉన్నాయి. నేను చూశాను, నీవు చూడలేదు, నీవు పెట్టెనే చూస్తున్నావు. నీకు ఎనిమిదో నెల. ఒక రాయి చాలు అనుకున్నాను. "అట్లే పోదాం లే" అన్నాను. తీరా ఆ దారిలో పెట్టె ఒరిగితే పట్టుకున్నదీ నీవే. నీ కోసమే అన్నానని చెప్పి తప్పించుకోను. నేను ఆ రోజు భయపడ్డాను, మీ అమ్మను వంకలో తీసుకుపోయాను, అది నేను చేసిందే. నిన్న ఆ అరుగు ముందు రెండు గంటలు నిలబడ్డప్పుడు నా భుజం మీద తిమ్మన్న ఒక్కడే లేడు.

ఏప్రిల్ రెండు మట్టల ఆదివారం. ముప్పై కాదు, ఎవరి ప్రోగ్రామూ కాదు, మన పండుగ. పెద్దవీధి మొదట్లో బస్సు ఆగుతుంది. ఈత మట్టలు పట్టుకుని ఆ వీధిలోనే నడిచి సమాధుల తోట దాకా పోతాం. పాపను నడిపించుకుని రా, ఎత్తుకోవద్దు. ఆ పొడుగు గౌను వేసి తీసుకురా. రాళ్లు ఉండవని నేను మాటివ్వలేను. నేను ముందుంటాను, అంతే చెప్పగలను.

బీపీ నూట అరవై. ఈ ఒక్కసారికి ఊరుకో.

నీ కోసం బస్సు దగ్గర నిలబడే మీ నాయన,
జయరాజ్

ఇంకొకటి. నాకు ఫోను వినపడదు కాబట్టి, మీ అమ్మ పెట్టె మోసినవాళ్లకు, వెంట వచ్చినవాళ్లకు ఏప్రిల్ రెండుకు రమ్మని నీవే చెప్పు. ఎవరినీ మరిచిపోవద్దు.

ఆదోనిలో మీ పెద్దనాయన కొడుకు వీరేష్, ముందు కొమ్ము వాడిదే, ఇప్పుడు నడుము నొప్పి అంటాడు, అయినా చెప్పు.

ఎమ్మిగనూరులో మీ మేనత్త మహాదేవమ్మ. అమ్మకు స్నానం చేయించింది ఆమె. బురదలో కూర్చుని ఏడ్చింది కూడా.

రాయచోటిలో మీ చిన్నమ్మ కూతురు శివజ్యోతి. దానికి గట్టిగా చెప్పు, సగం విని పెట్టేస్తుంది.

యేసుప్రసాద్‌కు చెప్పనక్కర లేదు, వాడు మట్టలు కొట్టడానికి ఇప్పుడే కత్తి నూరుతున్నాడు.

మీ అమ్మకు నేను నిన్ననే చెప్పాను, తిమ్మన్న గుంట పక్కనే కదా.

చివరగా జమ్మలమడుగులో మీ మేనమామ నాగసుబ్బయ్య. ఆ రోజు వంక బురదలో ఆయన ఎడమ కాలి చెప్పు పోయింది, నేను కనిపించినప్పుడల్లా ఇప్పటికీ అడుగుతాడు. కొత్త జత కొనుక్కోమను. రెండూ కాళ్లకు వేసుకుని రమ్మను.